పిల్లి గుండెకు పరీక్షలా?

"పిల్లికి గుండె పరీక్షట!" అని నవ్వేవాళ్లు మన కాలేజీలో చాలామందే ఉన్నారు. మనుషులకే సరైన వైద్యం అందని చోట పిల్లి గుండెలో కణితి ఉందో లేదో వెతకడం భాగ్యవంతుల సరదా తప్ప మరేమిటని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. రైతు ఇంట పుట్టినవాణ్ణి కాబట్టి ఖర్చు మాట ఎత్తితే నేనూ కాదనలేను. అయినా ఆ నవ్వుతో మాత్రం నేను ఏకీభవించను. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు అసలు విషయం చూద్దాం. పిల్లుల్లో గుండె కణితి చాలా అరుదు. గుండెలోనే పుట్టేది మరీ అరుదు. కనబడేవాటిలో ముఖ్యమైనది లింఫోమా, అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన లింఫోసైట్ల కేన్సరు. సాధారణంగా అది ఒంట్లో మరోచోట కూడా ఉండి, గుండెకు పాకుతుంది. కుక్కల సంగతి వేరు. వాటిలో రక్తనాళాల లోపొర కణాల నుంచి పుట్టే హిమాంజియోసార్కోమా కుడి కర్ణిక దగ్గర చేరడం ఎక్కువ. కాబట్టి కుక్క పాఠం చదివేసి పిల్లికి వైద్యం చేస్తానంటే కుదరదు.

చిక్కేమిటంటే, పిల్లి తన జబ్బును దాచుకునే జీవి. గుండె జబ్బున్న కుక్క దగ్గి చెబుతుంది. పిల్లి సాధారణంగా దగ్గదు. తిండి తగ్గిస్తుంది, మూల చేరుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. నోరు తెరిచి రొప్పుతోందంటే అప్పటికే ఆపద ముంచుకొచ్చిందన్నమాట. గుండె చుట్టూ ఉండే సంచిలో, అంటే హృదయావరణంలో నీరు చేరితే, స్టెతస్కోపులో గుండె చప్పుడు గోడ అవతలి నుంచి వచ్చినట్టు మందంగా వినిపిస్తుంది. కాని ఆ నీరు ఎందుకు చేరినట్టు? కండరం మందమై గుండె చతికిలబడటం ఒక కారణం. పిల్లుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. కరోనా జాతి వైరస్ వల్ల వచ్చే ఎఫ్.ఐ.పి. అనే జబ్బు మరో కారణం. కణితి ఇంకో కారణం. బయటికి చూస్తే అన్నీ ఒకే తీరు.

"ఏదైతేనేం, నీరు తీసే ఇంజక్షన్ ఒకటి వేస్తే పోలా?" అంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు, మూత్రం ఎక్కువ చేసే మందు ప్రాణం నిలబెడుతుంది. అదే మందును, హృదయావరణంలో నీరు బిగుసుకుని గుండెను నొక్కేస్తున్నప్పుడు ఇస్తే, గుండెకు చేరే ఆ కాస్త రక్తమూ తగ్గిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ చేయవలసింది సూది గుచ్చి ఆ నీటిని బయటికి లాగడం. ఒకచోట అమృతమైన మందు మరోచోట విషమవుతోంది. రోగ నిర్ణయం సరదా కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మరి నిర్ణయించడం ఎలా? ఎక్స్‌రేలో గుండె నీడ బంతిలా గుండ్రంగా కనబడుతుంది. కాని అది నీరో కండో ఆ నీడ చెప్పదు. ఇ.సి.జి. గుండె లయ చెబుతుంది, లోపలి ఆకారం చెప్పదు. 1953లో స్వీడన్ దేశపు లుండ్ నగరంలో ఎడ్లర్ అనే వైద్యుడూ, హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడూ కలిసి అతిధ్వనులను గుండెలోకి పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని నమోదు చేశారు. ఈనాటి ఎకో పరీక్షకు నాంది అదే. ఫిజిక్సు క్లాసులో అల్ట్రాసోనిక్స్ పాఠం వచ్చేసరికి కునుకు తీసే మిత్రులు ఈ సంగతి గమనించ ప్రార్థన! ఎకోలో నీరు నల్లగా, కండ బూడిదరంగుగా విడివిడిగా కనిపిస్తాయి.

అంతమాత్రాన యంత్రమే సర్వజ్ఞుడని కాదు. పిల్లి ఎడమ కర్ణికలో గడ్డకట్టిన రక్తం కణితిలా కనబడి మోసం చేయవచ్చు. లింఫోమా గుండె గోడలోకి ఇంకితే, మామూలుగా కండరం మందమైనట్టే కనబడవచ్చు. అందుకని తీసిన నీటిని మైక్రోస్కోపు కింద పెట్టి కణాలు చూస్తారు. లింఫోమా కణాలు చాలాసార్లు ఆ నీటిలోనే దొరుకుతాయి. కొన్ని ఇతర కణితులు కణాలను అంత తేలిగ్గా రాల్చవు. కాబట్టి కణాలు కనబడలేదు గనుక కణితి లేదని తీర్పు చెప్పడానికి వీల్లేదు. అసలైన రుజువు కణితి ముక్కను పరీక్షించడం. కొట్టుకుంటున్న గుండెలోంచి ముక్క తీయడమంటే మాటలా? అందుకే మంచి వైద్యుడు చాలాసార్లు "బహుశా ఇది" అని, ఆ బహుశాకు కారణాలు కూడా చెబుతాడు. చూడకుండానే "ఇదే" అని ఢంకా బజాయించేవాడికన్నా ఆయనే నాకు గౌరవనీయుడు.

"పేరు తెలిసినా నయం కానప్పుడు ఏం లాభం?" అన్నది చివరి ఆక్షేపణ. ఎఫ్.ఐ.పి. అని తేలితే, ఒకప్పుడు మరణశిక్షలాంటి ఆ జబ్బుకు ఇటీవలి సంవత్సరాల్లో యాంటీవైరల్ మందులు వచ్చాయి. లింఫోమా అయితే కీమోథెరపీతో కొన్ని పిల్లులు కొంతకాలం సుఖంగా బతుకుతాయి. ఏదీ పనిచేయదని తేలితే, బాధను పొడిగించకుండా ఉండే నిర్ణయమైనా తెలిసి తీసుకోవచ్చు. అదీ వైద్యమే. పైగా వెతికినవాడికే కొత్త సంగతి దొరుకుతుంది. ఒకే ఇంట్లోని పిల్లులకు లింఫోమా ఎందుకు వస్తోందని ఆలోచించిన గ్లాస్గో పశువైద్య శాస్త్రజ్ఞుడు విలియం జారెట్, ఆయన సహచరులు 1964లో ఆ కేన్సరు వెనకున్న వైరస్‌ను పట్టుకున్నారు. తర్వాత దానికి రక్తపరీక్షా వచ్చింది, టీకా కూడా వచ్చింది.

ఇంతకూ మన గేదెలకు దీనితో ఏం సంబంధమంటారా? చాలా ఉంది. కుడితితోనో మేతతోనో గేదె మేకు మింగేస్తుంది. అది జాలకం అనే పొట్ట గదిలో చేరి, ఉదరవితానాన్ని పొడుచుకుని హృదయావరణంలోకి దిగుతుంది. అక్కడ చీము పడుతుంది. గంగడోలు వాచి, మెడ నరం తాడులా ఉబ్బుతుంది. గుండె చప్పుడు మందగిస్తుంది. పిల్లిలో కణితి చేసిన పనే ఇక్కడ మేకు చేస్తోంది! మా ఊళ్లో ఒక పాడిగేదెకు ఇదే జరిగింది. మేత మానేస్తే అజీర్తి అనుకుని పొడులు పోశారు. చచ్చాక కోస్తే మేకు బయటపడింది. ఆ గేదె పాలమీదే ఆ ఇంట్లో పిల్లల చదువు నడిచేది. లోపలికి చూసే సాధనం అందుబాటులో ఉంటే ముందే తెలిసేదేమో. అయస్కాంతాన్ని మింగిస్తే జాలకంలో ఉండిపోయి ఇనుప ముక్కలను పట్టి ఉంచుతుందన్న చిన్న సంగతి తెలిసినా మేలు జరిగేదేమో.

పిల్లి గుండె వినడం నేర్చిన చెవి గేదె గుండెనూ వింటుంది. అతిధ్వనికి పేదా గొప్పా తేడా లేదు. ఆ తేడా మనం పెట్టుకున్నదే. కాబట్టి మనం అడగవలసింది పిల్లికి పరీక్ష ఎందుకని కాదు. ఆ పరీక్ష పట్నం దాటి మన పల్లె పశువైద్యశాలకు ఎప్పుడొస్తుందని. అంతదాకా ఖర్చులేని పనులు కొన్ని ఉన్నాయి. నిద్రపోతున్న పిల్లి ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టండి. రోజూ 30 దాటుతుంటే డాక్టరుకు చూపండి. చచ్చిన పశువును శవపరీక్షకు ఇవ్వడానికి వెనకాడకండి.

నోరులేని జీవి తన బాధ చెప్పుకోలేదు. దాని తరఫున అడగడం సైన్సు చదివిన మన వంతు. మిత్రులారా, నవ్వడానికి ముందు ఒక్కసారి చెవి పెట్టి వినండి!