చదరంగం లెక్కల ట్యూషన్ కాదు

కోల్‌కతాలోని గరియాహాట్ ఫ్లైఓవర్ కింద సాయంత్రమైతే చదరంగం బల్లల చుట్టూ జనం చేరతారు. ఆడేవారు కొందరైతే, పక్కన నిలబడి చూసేవారు మరికొందరు. అక్కడ మార్కుల ప్రస్తావన ఉండదు, ఆట కోసమే ఆట. పిల్లలకు చదరంగం నేర్పించాలనుకునే తల్లిదండ్రులు గమనించాల్సిన విషయమిది.

చదరంగం వస్తే లెక్కలు వాటంతట అవే వస్తాయన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. ఇంగ్లండ్‌లో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. 100 ప్రాథమిక పాఠశాలలు పాల్గొన్న ఆ ప్రయోగంలో, కొన్నింటిలో తొమ్మిది, పదేళ్ల పిల్లలకు 30 గంటల పాటు చదరంగం నేర్పారు. ఏడాది తర్వాత చూస్తే, నేర్చుకున్నవారికీ నేర్చుకోనివారికీ గణితంలో తేడా కనిపించలేదు. 2016లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

ఎందుకిలా? 1973లో అమెరికా శాస్త్రవేత్తలు విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ ప్రచురించిన పరిశోధనలో దీనికి కొంత సమాధానం దొరుకుతుంది. నిజమైన ఆటలోంచి తీసుకున్న, సుమారు 25 పావులున్న బోర్డును 5 సెకన్లు చూపి, దాన్ని తిరిగి పేర్చమన్నారు. మాస్టర్ దాదాపు 16 పావులను సరైన గడుల్లో పెట్టగా, కొత్త ఆటగాడు నాలుగింటితో ఆగిపోయాడు. అవే పావులను ఇష్టం వచ్చినట్లు చెదరగొట్టి చూపితే మాత్రం మాస్టర్ ఆధిక్యం మాయమైంది. అంటే మాస్టర్‌కున్నది అసాధారణమైన జ్ఞాపకశక్తి కాదు. ఎన్నో ఆటల్లో చూసి చూసి కళ్లకు అలవాటైన పావుల అమరికలు. ఆ అమరికలు చదరంగానివే కాబట్టి భిన్నాల లెక్కకు అక్కరకు రావు.

కొత్తవారికి ఇది నిరాశ కలిగించే మాట కాదు, దారి చూపే మాట. ఆట రావడానికి పుట్టుకతో వచ్చిన మేధస్సు కంటే చూసిన ఆటల లెక్క ముఖ్యమన్నమాట. అలాంటప్పుడు మొదటి నెలలోనే పేరున్న ఓపెనింగ్‌లను బట్టీ పట్టించడం దండగ. రాజు, ఒక బంటు మాత్రమే మిగిలిన ఆటతో మొదలుపెట్టవచ్చు. ఏనుగు, రాజు కలిసి ఎదుటి రాజును ఎలా కట్టేస్తాయో చూపవచ్చు. ఎదుటివారి ప్రతి ఎత్తు తర్వాత ‘ఇప్పుడు ఏ పావుకు ప్రమాదం?’ అని అడిగే అలవాటు చేయవచ్చు. ఓడిన ఆటను మళ్లీ పేర్చుకుని, ఎక్కడ తప్పిందో వెతకడం అన్నిటికన్నా మంచి పాఠం.

మార్కుల ఆశ చూపి చదరంగాన్ని అంటగడితే, మార్కులు పెరగని రోజున బోర్డు అటకెక్కుతుంది. ఇష్టంగా ఆడుకుంటున్న పిల్లకు లేదా పిల్లవాడికి అది అన్యాయం. క్రికెట్ ఆడే పిల్లలను సైన్సులో మార్కులెన్ని పెరిగాయని ఎవరూ అడగరు. చదరంగానికీ ఆ గౌరవం దక్కాలి.