అలారం మోగితే ఆపేదెవరు?

2010 జులై 25, సాయంత్రం 5.58. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం మార్షల్ పట్టణం దగ్గర ఎన్‌బ్రిడ్జ్ కంపెనీకి చెందిన 30 అంగుళాల ముడిచమురు పైపు పగిలింది. ఆ పైపును నడిపే కంట్రోల్ రూమ్ రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరాన, కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉంది. పగిలిన నిమిషాల్లోనే అక్కడ అలారాలు మోగాయి. అయినా పైపు పగిలిందని ఆ గదిలోనివారు గుర్తించడానికి 17 గంటలకు పైగా పట్టింది. ఈలోగా రెండుసార్లు పంపులు మళ్లీ ఆన్ చేశారు. మొత్తం 32 లక్షల లీటర్ల దాకా చమురు కారిపోగా, అందులో 81 శాతం ఆ రెండు ప్రయత్నాల్లో పోయిందే. మర్నాడు ఉదయం 11.17కు స్థానిక గ్యాస్ కంపెనీ ఉద్యోగి ఒకరు ఫోన్ చేసి వాగులో చమురు పారుతోందని చెబితేగానీ వాల్వులు మూయలేదు. అప్పటికే అది వాగు దాటి కలమజూ నదిలోకి చేరింది.

పైపు పగలడానికి కారణాలు వేరు. తుప్పు, పగుళ్లు, ముందే కనిపించిన లోపాలను సరిగా అంచనా వేయకపోవడం వాటిలో ఉన్నాయి. కానీ ఒక లీకు మహా విపత్తుగా మారింది మాత్రం కంట్రోల్ రూమ్‌లోనే. పైప్‌లైన్ భద్రత అనగానే మనకు ఉక్కు మందం, వెల్డింగ్, తుప్పు గుర్తొస్తాయి. తెర ముందు కూర్చున్న మనిషికి లైను ఆపే అధికారం ఉందా, ఆపితే ఎవరైనా నిలదీస్తారా, అతడు ఎన్ని గంటలుగా నిద్రలేకుండా ఉన్నాడు అనే ప్రశ్నలు తట్టవు. నియంత్రణ సంస్థల చూపు కూడా చాలాకాలం అటు పడలేదు. పడ్డాక ఏం జరిగిందో చెప్పే అమెరికా అనుభవంలో మనకు పనికొచ్చే పాఠాలు ఉన్నాయి.

పది నిమిషాల నియమం

ఎన్‌బ్రిడ్జ్‌కు నియమాలు లేక కాదు. 1991లో మినెసోటా రాష్ట్రం గ్రాండ్ ర్యాపిడ్స్‌లో ఇదే వ్యవస్థలోని మరో లైను పగిలి భారీగా చమురు పారింది. ఆ తర్వాతే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. అసాధారణ పరిస్థితికి పది నిమిషాల్లో కారణం తేలకపోతే లైను ఆపేయాల్సిందే. మార్షల్ ఘటన నాటికి ఆ నియమానికి దాదాపు ఇరవై ఏళ్లు. పుస్తకంలో అది భద్రంగానే ఉంది, ఆచరణలోనే సడలిపోయింది.

సడలింపు ఎలా వచ్చిందో చూడాలి. లైనులో ఒకచోట పీడనం పడిపోతే చమురు ధార తెగి, మధ్యలో ఆవిరి నిండిన ఖాళీ ఏర్పడుతుంది. దీన్ని కాలమ్ సెపరేషన్ అంటారు. పైపు పగిలినా, ఈ ఖాళీ ఏర్పడినా తెరమీద అంకెలు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఖాళీయే అయితే మందు ఇంకొంచెం చమురు పంపడం. పగిలితే మాత్రం చేయకూడని పని అదే. ఆ సాయంత్రం లైనును ముందే వేసుకున్న షెడ్యూలు ప్రకారం ఆపుతున్నారు. కాబట్టి పీడనం పడిపోవడం ఎవరికీ వింతగా తోచలేదు. లీకును పసిగట్టే సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తే, దాన్ని చూసే విశ్లేషకుడు కాలమ్ సెపరేషన్ అన్నాడు. షిఫ్టు మారింది. కొత్తగా వచ్చినవారికి జరిగినదానితో పాటు పాతవారి నిర్ధారణ కూడా అందింది. తెల్లవారుజామున పంపులు నడిపినా లైను నిండకపోతే ఎక్కడో పోతోందని అనుకోవాల్సింది పోయి, ఇంకా నింపాలనుకున్నారు.

అదే సమయంలో మార్షల్ జనం గాలిలో ఏదో ఘాటు వాసన వస్తోందని ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర నుంచే అత్యవసర నంబరు 911కు ఫోన్లు చేస్తున్నారు. అగ్నిమాపక సిబ్బంది వచ్చి వెతికి వెళ్లారు. ఆ సమాచారం ఎడ్మంటన్‌కు చేరలేదు. దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా మండలి 2012లో నివేదిక ఇచ్చింది. అప్పటి చైర్‌పర్సన్ డెబొరా హెర్స్‌మన్ కంపెనీ తీరును మూకీ సినిమాల్లోని తికమక పోలీసు బృందంతో పోల్చారు. నియమం తప్పడమే అలవాటుగా మారిన సంస్థాగత సంస్కృతి ఇదని నివేదిక తేల్చింది. ఒక్క ఆపరేటర్‌ను బలిచేసి చేతులు దులుపుకోకపోవడమే ఆ నివేదికలోని గొప్ప గుణం.

ప్రాణాలు పోయాక వచ్చిన నిబంధన

కంట్రోల్ రూమ్ మీద అమెరికా కళ్లు తెరిచింది మార్షల్ ఘటనకు పదకొండేళ్ల ముందు. 1999 జూన్ 10న వాషింగ్టన్ రాష్ట్రం బెల్లింగ్‌హామ్‌లో ఒలింపిక్ కంపెనీ పైపు పగిలి, సుమారు 9 లక్షల లీటర్ల పెట్రోలు ఒక వాగులోకి పారి అంటుకుంది. పదేళ్ల పిల్లలిద్దరు, పద్దెనిమిదేళ్ల యువకుడు చనిపోయారు. పగులుకు మూలం ఎప్పుడో తవ్వకాల్లో పైపుకు తగిలిన దెబ్బ. కానీ లైనులో పీడనం ఎగసిన కీలక నిమిషాల్లో స్కాడా కంప్యూటర్ మొరాయించింది. పైప్‌లైన్ అంతటినీ దూరం నుంచి చూపించి, నడిపించే వ్యవస్థ అది. లైను నడుస్తుండగానే అదే కంప్యూటర్‌లో డేటాబేస్ పనులు చేశారని దర్యాప్తులో బయటపడింది. అక్కడా పగిలిన లైనును మళ్లీ నడిపారు.

రవాణా భద్రతా మండలి 2005లో స్కాడాపై ప్రత్యేక అధ్యయనం వెలువరించింది. పరిశీలించిన 13 ప్రమాదాల్లో పదింటిలో స్కాడాకు సంబంధించిన ఏదో ఒక లోపం నష్టాన్ని పెంచిందని తేల్చింది. 2006లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ దీనిపై చట్టం చేసింది. పైప్‌లైన్, ప్రమాదకర పదార్థాల భద్రతా సంస్థ 'ఫిమ్సా' 2009 డిసెంబర్‌లో కంట్రోల్ రూమ్ నిర్వహణ నిబంధనను ఖరారు చేసింది. ప్రాణాలు పోయిన రోజుకూ నిబంధన వచ్చిన రోజుకూ మధ్య పదేళ్లు గడిచాయి. మార్షల్‌లో పైపు పగిలేనాటికి నిబంధన ఉన్నా, కంపెనీలు దాన్ని అమలు చేయాల్సిన గడువు ఇంకా రాలేదు.

నిబంధనలో ఏముంది? మామూలు వేళ, అసాధారణ వేళ, అత్యవసర వేళ ఆపరేటర్ అధికారాలేమిటో రాతపూర్వకంగా ఉండాలి. షిఫ్టు మారేటప్పుడు ఏం అప్పగించారో నమోదు చేయాలి. వరసగా ఎనిమిది గంటలు నిద్రపోయేంత వ్యవధి షిఫ్టుల మధ్య ఉండాలి. పని గంటలకు పరిమితి పెట్టాలి. ఆపి ఉంచిన అలారాలు, తప్పుడు అలారాలు ఏవేవో నెలకోసారి లెక్క తీయాలి. ఒక్కో ఆపరేటర్ మీద పడుతున్న పనిభారాన్ని ఏటా కొలవాలి. స్కాడా పడిపోతే చేత్తో నడిపే ప్రణాళికను పరీక్షించి చూడాలి. 2017లో బృంద శిక్షణ కూడా చేరింది. ఆపరేటర్, పర్యవేక్షకుడు, విశ్లేషకుడు కలిసి సాధన చేయాలన్నది మార్షల్ నేర్పిన పాఠమే.

వీటిలో అలారాల నిర్వహణకే ఎక్కువ బరువు ఇవ్వాలి. షిఫ్టులో వందల అలారాలు మోగుతూ, వాటిలో చాలాభాగం ఉత్తవే అయితే చివరికి 'నాన్నా పులి' కథే మిగులుతుంది. అసలు పులి వచ్చిన రోజు నిర్లక్ష్యం చేశాడని ఆపరేటర్‌ను తప్పుపట్టడం తేలిక. ఉత్త అలారాలను ఏళ్ల తరబడి సరిచేయని యాజమాన్యాన్ని తనిఖీ చేయడం కష్టం. నియంత్రణ సంస్థ పని ఆ రెండోదే.

ఫైలు నిండినా ఖాళీలు

ఈ నిబంధన ప్రతి కంపెనీకీ ఒకే కొలత పెట్టదు. లక్ష్యాలు చెప్పి, పద్ధతులు మీరే రాసుకోండి అంటుంది. కంపెనీలు, లైన్లు ఒకదానికొకటి పోలవు కాబట్టి ఇది సబబే. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, తనిఖీ అధికారి ముందుకు మొదట వచ్చేది ఫైలు. చక్కగా రాసిన విధాన పత్రం, సంతకాలు పెట్టిన శిక్షణ రిజిస్టరు ఉంటే సగం తనిఖీ అయిపోయినట్టే. రాత్రి రెండింటికి ఆపరేటర్ ఏం చేశాడన్నది లాగ్‌లు, ఫోన్ రికార్డులు తవ్వితేగానీ తెలియదు.

2021 మేలో హ్యాకర్ల దాడితో కొలోనియల్ పైప్‌లైన్ మూతపడి, అమెరికా తూర్పు తీరంలో పెట్రోలు బంకుల దగ్గర జనం బారులు తీరారు. ఆ కంపెనీ కంట్రోల్ రూమ్ లోపాలను ఫిమ్సా 2020 తనిఖీల్లోనే చూసింది. చేత్తో ఆపి, తిరిగి నడిపే ప్రణాళిక సరిగా లేకపోవడం అందులో ముఖ్యమైనది. జరిమానా ప్రతిపాదన మాత్రం 2022 మేలో, సుమారు 9.86 లక్షల డాలర్లతో వచ్చింది. హ్యాకర్లకు కంపెనీ చెల్లించింది 44 లక్షల డాలర్ల దాకా. తప్పును చూడటానికీ శిక్ష వేయడానికీ మధ్య ఇంత ఎడం ఉంటే నిబంధనకు భయం ఎక్కడిది?

2021 అక్టోబరులో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ బీచ్ దగ్గర సముద్రగర్భ పైపు లీకైంది. పదమూడు గంటలకు పైగా వ్యవధిలో ఎనిమిది లీకు అలారాలు మోగినా సిబ్బంది సరిగా స్పందించలేదని ప్రభుత్వం అభియోగం మోపింది. తగినంతమంది లేకపోవడం, అలసట, శిక్షణ లోపం కారణాలుగా చూపింది. కంపెనీ నేరం ఒప్పుకుంది. మార్షల్ తర్వాత పదకొండేళ్లకు, నిబంధన పూర్తిగా అమల్లో ఉండగా జరిగిన సంగతి ఇది.

మరో ఖాళీ వాల్వుల నిబంధనలో ఉంది. 2010 సెప్టెంబర్ 9న కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో గ్యాస్ పైపు పేలి ఎనిమిదిమంది చనిపోయారు. 38 ఇళ్లు బూడిదయ్యాయి. గ్యాస్ ఆపడానికి 95 నిమిషాలు పట్టింది. ఆ అనుభవంతో 2022లో తెచ్చిన నిబంధన ప్రకారం, కొత్తగా వేసే, మార్చే పెద్ద పైపుల్లో పగులును గుర్తించిన 30 నిమిషాల్లోపు వాల్వులు మూయాలి. మెచ్చుకోదగ్గదే. అయితే గడియారం మొదలయ్యేది పగులును 'గుర్తించాక'. వీలైనంత త్వరగా గుర్తించాలని నిబంధన చెబుతున్నా, ఆ నిర్ణయం మళ్లీ కంట్రోల్ రూమ్‌దే. మార్షల్‌లో పోయిన 17 గంటలూ గుర్తించక ముందువే. ఎంత వేగంగా మూసే వాల్వులు పెట్టినా, పగిలిందని ఒప్పుకునే మనిషి లేకపోతే అవి తెరిచే ఉంటాయి.

మన గడ్డ కింద

తెలుగు నేల కింద పైపులకు కొదవలేదు. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్‌కు పెట్రోలియం ఉత్పత్తుల లైను, విశాఖ-సికింద్రాబాద్ వంటగ్యాస్ లైను, పారాదీప్-హైదరాబాద్ లైను, కాకినాడ తీరం నుంచి గుజరాత్ దాకా సాగే గ్యాస్ లైను, వీటికి తోడు కృష్ణా-గోదావరి బేసిన్‌లో అల్లుకున్న గ్యాస్ పైపులు. వీటి మీదే పొలాలు దున్నుతున్నాం, ఊళ్లు పెరుగుతున్నాయి.

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపు పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీరు, కండెన్సేట్ కలిసిన గ్యాస్ పంపడంతో లోపల తుప్పు పట్టిందని దర్యాప్తులో తేలింది. ముందునుంచే వాసన వస్తోందని చెప్పినా పట్టించుకోలేదని గ్రామస్తులు ఆరోపించారు. మార్షల్‌లోనూ, నగరం గ్రామంలోనూ ఊరివాళ్ల ముక్కుకు తెలిసింది పైపు నడిపేవాళ్ల లెక్కలోకి ఎక్కలేదు. అంతకు ఐదేళ్ల ముందు, 2009 అక్టోబర్ 29న జైపూర్ ఇండియన్ ఆయిల్ డిపోలో పైపు ద్వారా పెట్రోలు పంపబోతుండగా లీకై, గంటా పదిహేను నిమిషాలు ఆగకుండా కారి, ఆపైన పేలింది. పదకొండుమంది చనిపోయారు. ప్రాథమిక పని విధానాలు పాటించకపోవడాన్ని, లీకును దూరం నుంచి ఆపే ఏర్పాటు పనిచేయకపోవడాన్ని ఎం.బి. లాల్ కమిటీ ఎత్తిచూపింది.

మన దగ్గర నియంత్రణ ముక్కలుగా ఉంది. 2006 చట్టంతో ఏర్పడిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు సాంకేతిక, భద్రతా ప్రమాణాలు రూపొందిస్తుంది. చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ ప్రమాణాలు రాసి, ఆడిట్లు చేస్తుంది. ఆ డైరెక్టరేట్ పనిచేసేది పెట్రోలియం మంత్రిత్వ శాఖ కింద. తనిఖీకి గురయ్యే ప్రధాన ప్రభుత్వ కంపెనీలదీ అదే శాఖ. నగరం ఘటనపై దర్యాప్తు కమిటీని వేసిందీ ఆ శాఖే. యజమాని, తనిఖీదారు, దర్యాప్తుదారు ఒకే కప్పు కింద ఉంటే జనానికి నమ్మకం కలగదు. అమెరికాలో నిబంధన పెట్టే సంస్థ వేరు, ప్రమాదాన్ని దర్యాప్తు చేసే సంస్థ వేరు. దర్యాప్తు సంస్థకు జరిమానా వేసే అధికారం లేదు, కానీ నియంత్రణ సంస్థనూ వేలెత్తి చూపే స్వేచ్ఛ ఉంది. కంట్రోల్ రూమ్‌లో నడిచిన సంభాషణలతో సహా ఆధారాలన్నీ బయటపెడుతుంది. ఎడ్మంటన్ గదిలో ఏం జరిగిందో గంట గంటకూ మనకు తెలిసింది అందుకే.

మన ప్రమాణాల్లో స్కాడా ఉండాలి, లీకును గుర్తించే వ్యవస్థ ఉండాలి అన్న మాటకు లోటు లేదు. మనిషి సంగతి కూడా అంతే గట్టిగా, చట్టబలంతో రావాలి. నియంత్రణ బోర్డు కంట్రోల్ రూమ్‌ల కోసం విడిగా ఒక నిబంధనావళి తేవాలి. పని గంటలు, అలారాల లెక్క, షిఫ్టు అప్పగింత అందులో ఉండాలి. అనుమానం వస్తే పై అధికారిని అడగకుండానే లైను ఆపే అధికారం ఆపరేటర్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆపాక అది ఉత్త అలారమని తేలినా అతడి మీద చర్య ఉండకూడదు. వాసన వస్తోందని ఊరివాళ్లు చేసే ఫోను నేరుగా కంట్రోల్ రూమ్ లాగ్‌లోకి ఎక్కాలి. ఘోర ప్రమాదాలను మంత్రిత్వ శాఖకు సంబంధం లేని సంస్థ దర్యాప్తు చేసి, నివేదికను ప్రజల ముందు పెట్టాలి.

తనిఖీకి వెళ్లే అధికారులకు ఒక్క మాట. విధాన పత్రం తర్వాత చూడొచ్చు. గత ఏడాదిలో అనుమానంతో లైను ఎన్నిసార్లు ఆపారో, ఆపిన ఆపరేటర్‌కు ఆ తర్వాత ఏమైందో ముందు అడగండి. ఏళ్లుగా ఒక్కసారీ ఆపలేదన్న జవాబు వస్తే దాన్ని మంచి రికార్డుగా రాసుకోకండి, అక్కడి నుంచే తనిఖీ మొదలుపెట్టండి.