ఫలానావారి భార్య కాని పేరు

మొన్న ఓ శుభలేఖ వచ్చింది. కవరు మీద మావారి పేరు, పక్కన 'దంపతులకు' అని ఉంది. నా పేరుతో ఇన్ని నవలలు అచ్చయ్యాయి గానీ, శుభలేఖల్లో నేనింకా ఆ 'దంపతుల్లో' సగాన్నే! నవ్వుకుని ఊరుకున్నాను. సాయంత్రం పక్కింటివాళ్ల మాటలు విన్నాక మాత్రం ఊరుకోలేకపోయాను.

ఇంటర్ పాసైన వాళ్లమ్మాయి హామ్ రేడియో లైసెన్సు పరీక్ష రాస్తానంటోంది. "ఆడపిల్లకి రేడియో ఏటమ్మా? రేపు పెళ్లివారికి ఏటని చెప్పుకుంటాం?" అని నానమ్మగారు నన్నే న్యాయం అడిగారు. "చేతిలో సెల్‌ఫోనుండగా ఇదెందుకండీ?" అన్నాడు తండ్రి.

సరే, న్యాయం చెబుతాను.

హామ్ రేడియో అంటే పాటలు వినే పెట్టె కాదు. ప్రభుత్వ లైసెన్సుతో ఇంట్లోంచే దేశదేశాలవారితో మాట్లాడే యంత్రం. లైసెన్సుతో పాటు ఒక కాల్‌సైన్ ఇస్తారు. వి.యు. అంటే మన దేశం. తర్వాత 2 ఉంటే జనరల్ తరగతి, 3 ఉంటే రిస్ట్రిక్టెడ్ తరగతి. 4 అయితే అండమాన్ నికోబార్. చివరి అక్షరాలు మనిషివి. ప్రపంచం మొత్తం మీద ఆ గుర్తు మరొకరికి ఉండదు. పూర్వం ఎవరిదో తెలియాలంటే టెలిఫోన్ డైరెక్టరీలాంటి లావుపాటి 'కాల్‌బుక్' తిరగెయ్యాలి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో క్యూఆర్‌జెడ్ అనే చోట గుర్తు కొట్టి వెతకొచ్చు. 'నన్ను పిలిచేదెవరు?' అనడానికి తంతి భాషలో వాడే మాటే క్యూఆర్‌జెడ్. ఆ ప్రశ్నకి జవాబు మీ పేరే. 'ఫలానావారి భార్య' కాదు!

వి.యు.2 ఆర్.బి.ఐ. ఎవరో తెలుసా? భారతీ ప్రసాద్ గారు. 2004 డిసెంబరులో ఆవిడ పోర్ట్‌బ్లెయిర్‌లో వి.యు.4 ఆర్.బి.ఐ. అనే గుర్తుతో ప్రపంచంతో మాట్లాడుతున్నారు. 26న సునామీ వచ్చింది. టెలిఫోన్లు మూగబోయినచోట, దీవుల్లోవాళ్ల క్షేమ సమాచారాలు ఆవిడ రేడియోలోంచే బయటికొచ్చాయి. పెళ్లివారికి ఏం చెప్పుకోవాలో అడిగారుగా నానమ్మగారూ, ఇది చెప్పుకోండి!

సెల్‌ఫోను సంగతంటారా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడినప్పుడు ఈ సబ్బవరంలో, విశాఖలో ఆ ఫోన్ల బతుకేమిటో అందరం చూశాం. చార్జింగూ లేదు, సిగ్నలూ లేదు. పిల్లల క్షేమం తెలియక కుమిలిన తల్లులు ఎందరు! ఒక బ్యాటరీ, ఒక తీగె, ఒక లైసెన్సు ఉన్న మనిషి వీధికొకరుంటే ఎంత బాగుండేది!

అయితే ఈ లోకమూ పూర్తిగా మనది కాదు సుమండీ. హామ్‌ల పరిభాషలో ఎనభయ్యేళ్ల బామ్మయినా 'వై.ఎల్.', అంటే యంగ్ లేడీ. కానీ ఎవరికైనా భార్య అయిందా, 'ఎక్స్ వై.ఎల్.' అయిపోతుంది! మాజీ యంగ్ లేడీ అన్నమాట. మరి మొగుడు? ఎప్పటికీ 'ఓల్డ్ మ్యానే'; మాజీ కాడు. పెళ్లి మగవాడి బిరుదుని మార్చదు, మనదాన్నే మారుస్తుంది. దీన్ని కూడా మార్చాల్సింది మనమే. మార్చాలంటే ముందు లోపలికి వెళ్లాలి.

"పేరూ ఊరూ అందరికీ తెలిసిపోవూ?" అన్నారు నానమ్మగారు. అక్కడ తన గురించి ఎంత రాయాలో ఆ పిల్లే తేల్చుకుంటుంది. ఇంటి నంబరు రాయకపోతే సరి. భయం పేరుతో పేరే లేకుండా చేస్తే ఎలా?

పరీక్ష ఫీజు నేను కడతానన్నాను. తండ్రి మాట్లాడలేదు. నానమ్మగారు మాత్రం వెళుతూ వెళుతూ మనవరాలిని అడిగారు: "ఒలే, నీకు ఏ అక్షరాలిస్తారే?"