అలంకారపు పెట్టె – అక్షరపు చీటి

గడచిన దినముల గుర్తులను పదిలపరచుకొనవలెనను కోరిక మానవునకు సహజము. అద్దపు మూత గల చిన్న పెట్టెకు జరీ అంచులు కుట్టి, పూసలు అతికి, అందు తాతగారి కళ్లజోడును, దాదీమా తస్బీహ్‌ను, పెండ్లి రుక్కాను అమర్చి గోడకు తగిలించు ముచ్చట మన విద్యార్థినీ విద్యార్థులలోను ఉన్నది. దీనిని మేము మనసారా మెచ్చుకొనుచున్నాము. అయితే పెట్టె అందముపై చూపు శ్రద్ధలో నాలుగవ వంతైనను అందలి వస్తువుల కథపై చూపవలెనని మా అభిప్రాయము.

అందమైన పెట్టెలు మనకు కొత్త కాదు. జింకు, రాగి కలిసిన లోహముపై వెండితీగె పొదిగి, కోటమట్టితో నల్లబరచిన బీదరు పాన్‌దానులున్నవి. అంకుడు కర్రకు లక్కరంగులు పట్టించిన ఏటికొప్పాక భరిణెలున్నవి. అందు దాచునది తమలపాకో కుంకుమో, మూత తీయగానే తెలియును. జ్ఞాపకము అట్లు కాదు. ఎవరైనను చెప్పిననే తెలియును.

హైదరాబాదులో 1951 డిసెంబరు 16న ప్రారంభమైన సాలార్‌జంగ్ ప్రదర్శనశాలనే చూడుడు. అచ్చట నూర్జహాన్‌దిగా ప్రదర్శింపబడుచున్న బాకు ప్రక్కనున్న చీటిని తొలగించినచో, చూపరికి అది రత్నములు పొదిగిన ఒక కత్తి మాత్రమే. ప్రసిద్ధమైన వస్తువు గతియే ఇట్లుండగా, మన ఇంటి కళ్లజోడు మాట చెప్పనేల?

మన కుటుంబములలో ఈ చిక్కు మరింత లోతైనది. దాదీమా ఉర్దూలో వ్రాసిన పోస్టుకార్డును తెలుగు మాధ్యమమున చదివిన మనుమరాలు ఎంతో అందముగా అమర్చును, కాని చదువజాలదు. ఆమెకు ఆ లిపి ఒక లతాచిత్రమే. ఉర్దూ మాధ్యమమున చదివిన మనుమనికి తాతగారి తెలుగు కవులు కాగితము అట్టిదే. తెలంగాణ రాష్ట్రమంతటను ఉర్దూ రెండవ అధికార భాషయగునట్లు 2017లో చట్టము వచ్చినది. సంతోషమే. కాని ఇంటిలోని ఉత్తరమును చదివి వినిపించునది చట్టము కాదు, చదువ నేర్చిన మనిషి.

కావున మా సూచన ఇది. పెట్టెలోని ప్రతి వస్తువునకు ఒక సంఖ్యయు, ఆ సంఖ్యకు ఒక చీటియు ఉండవలెను. అది ఎవరిది, ఏ ఊరిది, ఏ సంవత్సరముది, ఈ సంగతి చెప్పినవారెవరు – ఈ నాలుగు విషయములను ఉర్దూలోను, తెలుగులోను వ్రాయవలెను. ఉత్తరమైనచో పూర్తి అనువాదమును చేర్చవలెను. ఎండ తగిలిన సిరా, ఛాయాచిత్రము వెలిసిపోవును. గనుక నకలును అద్దము క్రింద నుంచి, అసలును చీకటిలో పొడిగా దాచుట మేలు. ఇనుప గుండుసూది త్రుప్పు పట్టును. అంటుకాగితము మరక విడుచును. వార్తాపత్రిక కాగితము పసుపుబారును. ఈ మూడింటిని దూరముంచవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. ఏటేట ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి గ్రంథాలయమున ఇట్టి పెట్టెల ప్రదర్శన జరుపవలెను. ఒక శాఖ విద్యార్థి చదివి చెప్పగా మరొక శాఖ విద్యార్థి వ్రాసికొనవలెను. బహుమతిని పెట్టె అందమునకు గాక చీటికి ఇవ్వవలెను.

విద్యార్థులారా! జరీ ఎప్పుడు కావలసినను బజారులో దొరకును. ఆ ఉత్తరమును చదివి చెప్పగల పెద్దలు మాత్రము ఎల్లకాలము ఇంటిలో ఉండరు. ఈ సెలవులలోనే వారి చెంత కూర్చుండి, అడిగి, వ్రాసికొనుడు.