నంద్యాల ఎండ హీటరు కాదు

ఈ మధ్య ఆళ్లగడ్డలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, వరసకు అల్లుడయ్యే అబ్బాయి నా పక్కన కూర్చున్నాడు. బెంగళూరులో ఉద్యోగం. ఫోన్ తీసి తన పాము ఫొటోలు చూపించాడు. బాల్ పైథాన్. గాజు తొట్టి, అందులో ప్లాస్టిక్ తీగలు, పైన ఎర్ర బల్బు. "వచ్చే నెల నుంచి ఇంటి నుంచే పని మామా, దీన్నీ నంద్యాలకే తెచ్చేస్తా. ఇక్కడైతే హీటరు ఖర్చు కూడా ఉండదు, మన ఎండలు చాలవా?" అన్నాడు. పంక్తిలో ఉన్న నలుగురూ నవ్వి తలలూపారు. ఓళిగ నోట్లో పెట్టుకుని వాదానికి దిగడం బాగుండదని అప్పటికి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

ఆ అబ్బాయి ఒక్కడి మాటే అయితే పోనీలే అనుకునేవాణ్ణి. హైదరాబాదులో, బెంగళూరులో పరదేశపు పాములు పెంచే కుర్రకారు నోట ఇదే పాట. హీట్ మ్యాట్లు, థర్మోస్టాట్లు ఇంగ్లండు, జర్మనీ వాళ్ళ గొడవట. వాళ్ళకు మంచు కురుస్తుంది, మనకు మాడు పగులుతుంది, కాబట్టి మనకు పెట్టె ఒకటి ఉంటే సరిపోతుందట. ఇంటర్‌లో జువాలజీ చదివి పరీక్ష పాసైనవాళ్ళు కూడా ఈ మాట అంటుంటే, ఆ మార్కులు ఎవరు వేశారా అనిపిస్తుంది.

పాముకు ఒంట్లో తగినంత సొంత వేడి పుట్టదు. తిన్నది అరగాలంటే వెచ్చని చోటు వెతుక్కుంటుంది. ఒళ్ళు వేడెక్కితే చల్లని చోటికి జరుగుతుంది. జబ్బు చేస్తే మళ్ళీ వెచ్చదనం కోసం పాకుతుంది. ఇలా చోటు మార్చుకోవడమే దాని బతుకు. బాల్ పైథాన్ పుట్టిల్లు ఘనా, టోగో, బెనిన్ వైపు పశ్చిమ ఆఫ్రికా. అక్కడ ఎండలు మనకంటే తీసిపోవు. అయినా పగలంతా అది ఎలుక బొరియలోనో చెదపుట్టలోనో ముడుచుకుని ఉంటుంది, చీకటి పడ్డాకే బయటికి వస్తుంది. మన నాగుపాము మాత్రం వేరుగా చేస్తుందా? మే నెల మిట్టమధ్యాహ్నం గడివేముల చేలగట్ల మీద నాగుపాము తీరిగ్గా ఎండ కాచుకుంటుండగా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చేయెత్తండి. ఎండలున్న ఊళ్ళో పాములు బతుకుతున్నాయంటే ఎండ వల్ల కాదు, ఎండ దూరని పుట్టల వల్ల.

పెంచడం తెలిసినవాళ్ళు చెప్పే లెక్క ఇది: పెట్టెలో ఒక కొస 31 నుంచి 33 డిగ్రీలు, రెండో కొస 25, 26. నువ్వు డబ్బు పెట్టి కొంటున్నది వేడిని కాదు నాయనా, ఈ రెండు కొసల మధ్య తేడాని. నంద్యాలలో మే నెలలో బయట 44, 45 డిగ్రీలు కాసిన రోజు స్లాబు మిద్దె పైగదిలో ఎంత ఉంటుందో ఆ అబ్బాయికి తెలుసు, ఆ గదిలోనే చదువుకున్నాడు. పెట్టెలో ఈ కొసా 37, ఆ కొసా 37. పాము ఎటు పోవాలి? నీళ్ళ గిన్నెలోకి పోతుంది. అందులో చుట్టచుట్టుకుని, ముక్కు మాత్రం పైకి పెట్టి గంటల తరబడి కదలకుండా పడుకుంటుంది. దాన్నేమో స్నానం చేస్తోందని వీడియో తీసి ఊరంతటికీ పంపుతారు. అది ఉక్కకు తాళలేక చేస్తున్న పని అని ఒక్కడికీ తట్టదు.

ఇంతకీ మనకు డిసెంబరు రాదా? తెల్లవారుజామున 16, 17 డిగ్రీలకు దిగే రోజులు మనకూ ఉన్నాయి. ముందురోజు సాయంత్రం మింగిన ఎలుక ఆ చలిలో అరగదు, కడుపులోనే కుళ్ళుతుంది. పాము దాన్ని కక్కేస్తుంది. అలా కొన్నాళ్ళు సాగితే ఊపిరితిత్తులకు చీము పట్టి, ముక్కు దగ్గర బుడగలు కట్టి, నోరు తెరుచుకుని గాలి పీలుస్తుంది. ఆ వైద్యం తెలిసిన పశువుల డాక్టరు నంద్యాలలో దొరకడం అంత తేలిక కాదు, మన దగ్గర చదువంతా బర్రెలూ గొర్రెల చుట్టే తిరుగుతుంది. ఏసీ ఉంది కదా అంటారు. ఇళ్ళలో ఏసీ ఎప్పుడు వేస్తాం? రాత్రి, మనం పడుకున్నప్పుడు. పాము మెలకువగా తిరిగే వేళ గది 22 డిగ్రీలు, అది దాక్కుని పడుకునే పగలంతా 37. దాని రోజును తలకిందులు చేయడానికి ఇంతకంటే మంచి పథకం లేదు.

సరే, ఇప్పుడు అసలు నా కోపం దేని మీదో చెబుతాను. గాజు తొట్టి మీద.

చేపల కోసం చేసిన అక్వేరియాన్ని తెచ్చి, నీళ్ళు పోయడం మానేసి, పాము ఇల్లు అంటారు. నాలుగు వైపులా అద్దం. ఎవరి కోసం? వచ్చిన చుట్టం ఏ మూల కూర్చున్నా పాము కనబడడం కోసం. పొంచి ఉండి బతికే జంతువును నాలుగు దిక్కులా జనం కనబడేలా కూర్చోబెడితే అది ఎక్కడ దాక్కుంటుంది? ప్లాస్టిక్ తీగల వెనకా? వారం తిరక్కుండా అద్దానికి ముక్కు రాయడం మొదలుపెడుతుంది. దగ్గరికి వెళ్ళి చూడండి: పై పెదవి చివరి పొలుసు అరిగి గులాబీ రంగుకు తిరిగి ఉంటుంది, అద్దం మీద అదే ఎత్తులో ముక్కు ఒరిసిన మసక గీత ఉంటుంది. "బయటికి రావాలని ఎంత ఉత్సాహమో" అంటాడు యజమాని.

వేడి విషయంలో గాజు ఇంకా దుర్మార్గం. చలికాలం లోపలి వెచ్చదనాన్ని నాలుగు వైపులా జారవిడుస్తుంది. ఎండాకాలం కిటికీలోంచి ఒక్క గంట ఎండ పడితే చాలు, లోపల పాము ఉన్నట్టు కాదు, మూత పెట్టి పొయ్యి మీద ఎక్కించినట్టే. పైన జల్లెడ మూత, దాని మీద బల్బు. బల్బు వేడెక్కించిన గాలి పైకే పోతుంది, పోతూ పోతూ లోపలి తేమను కూడా పట్టుకుపోతుంది. ఆ పాముకు గాలిలో తేమ కనీసం 55, 60 శాతం ఉండాలి, మన ఎండాకాలపు గాలిలో అది ఎక్కడ? తేమ చాలని పాము కుబుసం ఒక్క గొట్టంగా విడవదు. చింపిరి చింపిరిగా రాలుతుంది. కంటి మీది పొర అలాగే అంటుకుపోతుంది. దాన్ని పీకబోయి కన్ను పోగొట్టే మహానుభావులున్నారు.

అన్నింటికీ మించి, ఆ తొట్టి తలుపు పైన ఉంటుంది. పాము పాలిట పైనుంచి దిగేది ఏది? గద్ద. రోజూ నీ చెయ్యి గద్దలాగే దిగుతుంది, నువ్వేమో "ఇంకా మచ్చిక కాలేదు" అని దాన్నే తప్పుబడతావు.

ఇక కొలత సంగతి. తొట్టి గోడకు పైన, బల్బుకు జానెడు దూరంలో గుండ్రటి ముల్లు థర్మామీటరు అతికించి ఉంటుంది. అది 32 చూపిస్తుంది. భేష్. పాము గోడకు వేలాడుతోందా? అది పడుకునేది నేల మీద. నేల కింద అతికించిన హీట్ మ్యాట్ థర్మోస్టాట్ లేకుండా ప్లగ్గుకు తగిలించి ఉంటే, నేల 45 దాటినా పైన ముల్లు కదలదు. పాము లేచి పోతుందిలే అనుకుంటారు. పోదు. అడుగు నుంచి నెమ్మదిగా కాల్చే వేడి తన చర్మాన్ని కాలుస్తోందని పాముకు సకాలంలో తెలియదు. దాన్ని ఎత్తి కడుపు వైపు తిప్పి చూస్తే తెలుస్తుంది. అడ్డంగా పరిచినట్టుండే తెల్లటి పొలుసుల్లో నాలుగైదు ముందు గోధుమరంగుకు తిరుగుతాయి, తరవాత మెత్తబడి ఉబ్బుతాయి, వేలు తగిలితే ఊడివస్తాయి. కరెంటుతో వేడెక్కే నకిలీ రాళ్ళు అమ్ముతారు చూడండి, అవి ఈ పని ఇంకా తొందరగా చేసిపెడతాయి. మ్యాట్ నేలలో మూడో వంతుకు మించకూడదు. థర్మోస్టాట్ తీగ కొస పాము పడుకునే చోటే ఉండాలి. ఈ రెండు మాటలు డబ్బా మీద అచ్చువేసే ఉంటాయి. డబ్బా ఎవరు చదువుతారు?

పాములోళ్ళు గుర్తున్నారా? భుజాన కావడి, వెదురు బుట్ట, నాగస్వరం. నాగులచవితికి ముందు ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, ఆ బుట్ట నేరమైంది. కావాల్సిందే. వాళ్ళు కోరలు పీకేవాళ్ళు, మూతి కుట్టేవాళ్ళు, ఆ పాము నెలల్లో చచ్చేది. నేను దాన్ని వెనకేసుకురావడం లేదు. కానీ పరదేశపు పాముల సంగతి వచ్చేసరికి సర్కారు ఎంత మెత్తబడిందో చూడండి. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక సలహాపత్రం ఇచ్చింది: మీ దగ్గరున్న విదేశీ జంతువులను ఆరు నెలల్లో మీ అంతట మీరే చెప్పండి, ఏ కాగితాలూ అడగం అని. 2022లో చట్టం సవరించి అంతర్జాతీయ సైటిస్ ఒప్పందపు జాబితాలో ఉన్న జీవులకు నాలుగో షెడ్యూలు తెచ్చారు. 2024 ఫిబ్రవరి 28న నమోదు నియమాలు వచ్చాయి. బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది కనుక కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కార్న్ స్నేక్ ఆ జాబితాలో లేదు, దానికి ఆ బాధ కూడా లేదు. పోర్టల్‌లో పేరు, చిరునామా, జంతువు వివరం అడుగుతారు. మే నెలలో నీ పెట్టె చల్లని మూల ఎంత ఉంటుంది అని మాత్రం అడగరు. బుట్ట మోసినవాడు జైలు భయంతో ఊరు వదిలాడు, తొట్టి కొన్నవాడు రసీదు ఫ్రేము కట్టించుకుంటాడు. చెప్పకపోతే అన్యాయం: ఆ వెదురు బుట్టకు కనీసం గాలి ఆడేది, దాన్ని పెట్టేది వేపచెట్టు నీడలో.

అదే అబ్బాయి నల్లమల అంచు పల్లెల్లో దొరికే మన కొండచిలువ పిల్లను తెచ్చి అదే తొట్టిలో పెడితే, అది మొదటి షెడ్యూలు జంతువు, మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. రెండు తలల పామును ఇసుక బకెట్లో దాచి, తూకం పెరిగితే కోట్లు వస్తాయని నమ్మి మేపుతూ పట్టుబడే ముఠాల వార్తలు రాయలసీమ పేపర్లకు కొత్త కాదు. వాళ్ళనూ నా బంధువునూ ఒక గాటన కట్టను. కానీ పాము ఎక్కడ ఎలా బతుకుతుందో తెలుసుకోవాలన్న ఆసక్తి ఇద్దరికీ సమానంగా లేదు.

పాములు పెంచితే జనంలో పాములంటే భయం పోతుందన్న వాదం కూడా ఉంది. ఆఫ్రికా పామును మెడలో వేసుకుని ఫొటో దిగినవాడి పొలంలో, నంద్యాల సోనా వరి కోతకు వచ్చే వేళ ఎలుకలు తినే జెర్రిపోతు కనబడితే ఇప్పటికీ కర్రే లేస్తుంది. పోయింది ఏ భయం? పాముకు బాధ తెలియదన్న వాదం కూడా విన్నాను, దానికి జవాబు కాలిన కడుపు పొలుసులు. ఇక నాగులచవితికి పుట్టలో లీటర్ల కొద్దీ పాలు పోసి పాము గూటిని బురద చేసే మన భక్తి సంగతి వేరే రాయాలి. పాము పాలు తాగదు. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన నాగశిలల మీద ఎన్ని పాలైనా పోయండి, రాయికి అరగకపోవడమంటూ ఉండదు.

"మరి నువ్వేం చేయమంటావ్?" అని అడుగుతారు. పెంచొద్దంటాను. ఎందుకంటే ఆ పాము సరిగ్గా చూస్తే 20, 30 ఏళ్ళు బతుకుతుంది. ఆ అబ్బాయికి అప్పటికి పెళ్ళయి, పిల్లలు కాలేజీకి వెళ్తుంటారు. వినరు కాబట్టి తరవాతి మాట.

తమిళనాడులో మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర ఇరుల పాములవాళ్ళ సహకార సంఘం ఉంది, 1978 నాటిది. సర్కారు అనుమతితో విషపాములు పట్టి, మూడు నాలుగు వారాలుంచి, మందు తయారీకి విషం తీసి, మళ్ళీ అడవిలో వదులుతారు. ఆ పాములను వాళ్ళు ఉంచేది గాజులో కాదు, మట్టికుండల్లో. అడుగున ఇసుక, మూతికి గుడ్డ, పైన నీడ. కుండకు గాలి ఆడుతుంది, చీకటిగా ఉంటుంది, తడి పట్టుకుని చల్లబడుతుంది. అది కొద్ది వారాల ఏర్పాటే, జీవితాంతానికి కుండ చాలదు. కానీ ఎండదేశంలో పామును ఉంచడం ఎలాగో తరతరాలుగా తెలిసినవాళ్ళు దేన్ని ఎంచుకున్నారో చూడండి.

మనకు బేతంచెర్ల, బనగానపల్లె నాపబండలున్నాయి. అవి పరిచిన కింది ఇంటి గదిలో, ఉత్తరపు గోడకు ఆనించి మందపాటి చెక్కపెట్టె పెట్టండి. తలుపు ముందువైపు ఉండాలి. చల్లని కొసన అడుగున నాపబండ, దాని మీద పగలగొట్టి బోర్లించిన కుండ. రెండో కొసన ఇంకో కుండ, కింద మ్యాట్, దానికి థర్మోస్టాట్. థర్మోస్టాట్ కొనకుండా మ్యాట్ కొనొద్దు. కొలతలు వడ్రంగితో మాట్లాడుకోవాలి. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోతే ఏం చేయాలన్నది నాకూ ఇంకా తేలలేదు. తడిపిన గోనెసంచి కొంత పని చేస్తుంది, ఎంతసేపో గాలిని బట్టి ఉంటుంది.

కాబట్టి పామును తేకముందు పెట్టెను ఖాళీగా ఒక ఎండాకాలమంతా ఉంచండి. రెండు కొసల్లో నేల మీద రెండు థర్మామీటర్లు పెట్టి, మధ్యాహ్నం మూడింటికీ తెల్లవారుజాము నాలుగింటికీ అంకెలు రాయండి. ఏ మధ్యాహ్నమైనా చల్లని కొస 30 దాటిందంటే ఆ పెట్టెలో ఉల్లిగడ్డలు పోసుకోండి.