జత కుదర్చడం మన పనా, చేపల పనా?

పోయిన వేసవి సెలవుల్లో రాజోలు దగ్గరి ఒక ఊరి నుంచి తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. వస్తూనే, "మాస్టారండీ! మా జోకరు చేపలు రెండూ కొట్టేసుకుంటున్నాయండి. ఒకదాని తోక సగం చిరిగిపోయిందండి. ఒక ఆడదీ ఒక మగదీ ఇమ్మని అడిగి మరీ తెచ్చుకున్నామండి!" అన్నాడు.

వెళ్ళి చూశాను. గాజు తొట్టెలో రెండు చేపలున్నాయి. నారింజ రంగు ఒంటి మీద మూడు తెల్లని పట్టీలు. ఒకటి పంపు గొట్టం వెనక నక్కి ఉంది. రెండోది దాన్ని బయటికి రానివ్వడం లేదు. రెండూ అచ్చంగా ఒకే సైజులో ఉన్నాయి.

"రెండూ సమానంగా ఉన్నవే ఎందుకు తెచ్చావు?" అని అడిగాను.

"మా నాన్నగారు చెరువులో పండుగప్ప పిల్లల్ని వేసేటప్పుడు సైజులవారీగా వేరు చేస్తారండి. లేకపోతే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుందండి. అందుకని నేనూ సమానమైనవే ఏరి తెచ్చానండి" అన్నాడు.

వాడి ఆలోచనలో లోపం లేదు. పండుగప్ప విషయంలో వాళ్ళ నాన్నగారు చేసేది నూటికి నూరుపాళ్ళు సరైన పని. కాని ఒక చేపకు పనికొచ్చిన సూత్రం మరొక చేపకు పనికి రావాలని లేదు. జోకరు చేపల దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. వాటికి జత కుదరాలంటే సైజులు సమానంగా ఉండకూడదు! ఎందుకో చూద్దాం.

సర్కసులో జోకరును ఇంగ్లీషులో క్లౌన్ అంటారు కదా. వాడి వేషంలాగే రంగు పట్టీలున్న చేప కనుక దీనికి క్లౌన్ చేప అని పేరు వచ్చింది. పగడపు దిబ్బల దగ్గర సీ ఎనిమోన్ అనే జంతువు ఉంటుంది. చూడడానికి పువ్వులా ఉంటుంది గాని దాని స్పర్శకాల నిండా దంశకణాలే. తాకిన చిన్న చేపలను అవి కుట్టి చంపుతాయి. క్లౌన్ చేపను మాత్రం ఏమీ చేయవు. దాని ఒంటిమీది జిగురు పొరే దానికి రక్ష. అంచేత అది శత్రువులకు అందకుండా ఆ స్పర్శకాల మధ్యనే కాపురం చేస్తుంది. ఆ ఇంటిని వదిలి కొద్ది మీటర్లకు మించి పోదు.

ఒక ఎనిమోన్‌లో సాధారణంగా ఒకే కుటుంబం ఉంటుంది. అందరికన్నా పెద్ద చేప ఆడది. ఆమె యజమానురాలు. రెండో స్థానంలో ఉన్నది మగది. మిగిలినవన్నీ ఇంకా చిన్నవి. అవి గుడ్లు పెట్టవు, జత కట్టవు. అవి ఆ దంపతుల పిల్లలనుకుంటే పొరపాటే. ఎక్కడెక్కడి నుంచో నీటిలో కొట్టుకువచ్చి అక్కడ చేరినవి. రేషను దుకాణం ముందు వరసలో నిలబడ్డట్టు, పెద్దవాటి వెనక తమ వంతు కోసం అవి ఎదురుచూస్తూ ఉంటాయి.

ఆ ఆడచేప చనిపోయిందనుకోండి. అప్పుడు బయటి నుంచి మరో ఆడచేప రానక్కరలేదు. ఉన్న మగచేపే ఆడచేపగా మారిపోతుంది! దాని బీజకోశంలో ముష్క భాగం క్షీణించి అండాశయ భాగం పెరుగుతుంది. వరసలో దాని తర్వాత ఉన్న చేప మగది అవుతుంది. హన్స్ ఫ్రికె, సిమోన్ ఫ్రికె అనే శాస్త్రజ్ఞులు 1977లో 'నేచర్' పత్రికలో ఈ సంగతిని వివరించారు. ఆడచేప తన పెత్తనంతో మగచేపను మగదిగానే ఉంచుతుందనీ, ఆ పెత్తనం తొలగగానే మార్పు మొదలవుతుందనీ వారు చూపించారు. ఇది ఒకవైపు దారి మాత్రమే. ఒకసారి ఆడదైన చేప తిరిగి మగది కాదు.

మీలో చాలామంది 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమా చూసే ఉంటారు. అందులో తల్లి చనిపోతే తండ్రి చేప పిల్లను పెంచుతాడు. నిజంగా సముద్రంలో అయితే ఆ తండ్రే కొంతకాలానికి ఆడచేప అయి ఉండేవాడు!

అదే 2003లో పీటర్ బస్టన్ అనే శాస్త్రజ్ఞుడు పపువా న్యూగినీలో చేసిన పరిశోధన కూడా 'నేచర్' పత్రికలోనే వచ్చింది. వరసలో కింద ఉన్న చేప తన పెరుగుదలను తానే అదుపులో పెట్టుకుని, పైదానికన్నా ఎప్పుడూ కొంత చిన్నదిగానే ఉండిపోతుందని ఆయన గమనించాడు. చిన్నదిగా ఉంటే "నీతో నాకు పోటీ లేదు" అని చెప్పినట్టన్నమాట. సమానంగా పెరిగితే అది పోటీకి దిగినట్టే. అప్పుడు పెద్దది దాన్ని తరిమేస్తుంది. సముద్రంలో అయితే పారిపోవడానికి చోటుంటుంది. గాజు తొట్టెలో ఎక్కడికి పోతుంది?

మన కుర్రవాడి తొట్టెలో జరుగుతున్నది సరిగ్గా ఇదే. దుకాణంలో "ఇది ఆడ, ఇది మగ" అని చెప్పిన మాటకు అర్థమే లేదు. ఆ వయసు పిల్లల్లో ఆడది ఒక్కటీ ఉండదు. ఎవరు ఆడది కావాలో అవి ఇంకా తేల్చుకోలేదు. అందుకే ఆ యుద్ధం.

ఇటువంటి వింత ఎక్కడో పగడపు దిబ్బల్లోనే ఉందనుకోకండి. మీ ఇంట పులుసు పెట్టుకునే పండుగప్ప కూడా ఇలాంటిదే. అది మొదట మగదిగా ఎదుగుతుంది. కొన్నేళ్ళు గడిచి బాగా పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. అయితే ఒక తేడా ఉంది. పండుగప్పలో ఈ మార్పు ముఖ్యంగా వయసును, ఎదుగుదలను బట్టి వస్తుంది. క్లౌన్ చేపలో కుటుంబంలోని స్థానాన్ని బట్టి వస్తుంది. పెద్ద పండుగప్పలనే ఏరి పట్టేస్తూ పోతే గుడ్లు పెట్టే ఆడచేపలు ఏమవుతాయో మీరే ఆలోచించండి.

మరి జత ఎలా కుదర్చాలి? పద్ధతి తేలికైనదే. ఒకే జాతికి చెందిన రెండు పిల్లచేపలను, ఒకటి పెద్దది ఒకటి స్పష్టంగా చిన్నది చూసి తేవాలి. రెండింటినీ ఒకేసారి తొట్టెలో వదలాలి. మూడోదాన్ని వేయకూడదు. జత కుదిరాక అది బలి అవుతుంది. బాగా ఎదిగిన రెండు ఆడచేపలను ఎన్నడూ కలపకూడదు. వదిలాక పెద్దది చిన్నదాన్ని కొంచెం తరుముతుంది. కంగారు పడకండి. చిన్నది పక్కకు ఒరిగి, ఒళ్ళంతా గజగజా వణికిస్తూ పెద్దదాని ఎదుట నిలబడితే అది జబ్బు కాదు. "నువ్వే పెద్ద" అని ఒప్పుకోవడం. తర్వాత రెండూ ఒకే మూల పడుకోవడం మొదలుపెడితే జత కుదిరినట్టే. గుడ్లు పెట్టడానికి ఇంకా కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా కూడా పట్టవచ్చు. వాజాలు చిరిగేలా కొట్లాట సాగితే మాత్రం వెంటనే చిల్లుల ప్లాస్టికు బుట్టలో ఒకదాన్ని వేరుచేయాలి.

చూశారా, ఇందులో మన చేతిలో ఉన్నది చాలా తక్కువ. తగిన సైజులు చూడడం, తగిన నీరు ఇవ్వడం, ఓపిక పట్టడం. జత కుదుర్చుకునేది అవే.

ఇక్కడే నా అభిప్రాయం చెప్పదలచుకున్నాను. మీరు ఒప్పుకోనక్కరలేదు గాని ఆలోచించండి. మన కోనసీమలో ఈ చేపలు పెంచాలనుకునేవారు మూడు నియమాలు పెట్టుకోవాలని నేనంటాను.

మొదటిది, ముందు నీటిని పెంచండి, తర్వాతే చేపను. గోదావరి మంచినీళ్ళూ ఒండ్రుమట్టీ తెచ్చి కలిపే మన తీరంలో పగడపు దిబ్బలు లేవు. కాబట్టి ఇది మన ఊరి చేప కాదు. దానికి లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుండే సముద్రపు నీరు కావాలి. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోట డబ్బాతో ముంచుకొచ్చిన నీరు వేసవిలో ఒకలా, వరదల నెలల్లో మరొకలా ఉంటుంది. నీరు ఆవిరైతే ఉప్పు మాత్రం తొట్టెలోనే మిగిలిపోతుంది. అందుచేత తగ్గిన మేరకు మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను కొన్ని బాక్టీరియాలు నైట్రైటుగా, మరికొన్ని నైట్రేటుగా మారుస్తాయి. కొత్త తొట్టెలో ఆ బాక్టీరియాలు స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రొయ్యల చెరువులున్న ఇళ్ళ పిల్లలకు ఉప్పుశాతం, అమ్మోనియా, ఏరేటరు అనే మాటలు కొత్త కాదు. పట్నం పిల్లలకు పుస్తకం చదివితేగాని తెలియని సంగతి మీకు చెరువుగట్టు మీదే తెలుసు. ఆ తెలివిని గాజు తొట్టె దగ్గర ఎందుకు మరచిపోతారు?

రెండోది, సముద్రంలోంచి పట్టిన చేపను కొనకండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పలురకాల క్లౌన్ చేపలను హేచరీల్లో పుట్టించి పెంచే పద్ధతులను రూపొందించారు. గుడ్లను మగచేప వాజాలతో విసురుతూ కాపాడుతుంది. వారం రోజులకు అటూఇటుగా అవి పొదుగుతాయి. పిల్లలకు మొదట రోటిఫర్లు, తర్వాత రొయ్యపిల్లలకు వేసే ఆర్టీమియానే మేపుతారు. ఇలా పుట్టిన చేపలు తొట్టెకు అలవాటుపడి ఉంటాయి. సముద్రంలో పెద్ద ఆడచేపను పట్టేస్తే ఆ కుటుంబం గుడ్లు పెట్టడం కొంతకాలం ఆగిపోతుంది. ఎనిమోన్ కూడా కొనకండి. అది లేకపోయినా తొట్టెలో క్లౌన్ చేప హాయిగా బతుకుతుంది. పగడాలనైతే ముట్టుకోనేకూడదు. 2001లోనే వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు.

మూడోది, ఇంటికొక తొట్టె కాదు, బడికొక తొట్టె చాలు. క్లౌన్ చేప ఇరవై ఏళ్ళకు పైగా కూడా బతకగలదు. మీరు పదో తరగతి దాటి కాకినాడో హైదరాబాదో చదువుకు వెళ్ళిపోతే దాన్ని ఎవరు చూస్తారు? బడిలో అయితే ఒక తరగతి వెళ్ళినా మరొక తరగతి వస్తుంది. రోజూ వేడిమి, ఉప్పుశాతం రాసే పుస్తకం ఒకటి పెట్టండి. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ గాలిపంపు ఉంచండి. సంక్రాంతి సెలవుల్లో, వేసవి సెలవుల్లో ఎవరి వంతు ఎప్పుడో ముందే రాసి గోడకు అంటించండి. ఈ మాత్రం పూచీ తీసుకోలేమనుకుంటే తొట్టె పెట్టకండి. అది ఓటమి కాదు, నిజాయితీ.

అసలు చేపను గాజులో బంధించడమే తప్పని కొందరంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. మైళ్ళ తరబడి ఈదే చేపను బంధిస్తే నేనూ ఒప్పుకోను. ఎనిమోన్ చుట్టూ కొద్ది మీటర్లలోనే బతుకు గడిపే చేప సంగతి వేరు. పైగా మగ ఆడగా మారడం, చిన్నది తనంతట తాను చిన్నగా ఉండిపోవడం వంటి సంగతులు పుస్తకంలో చదివి "నిజమేనా?" అనుకునే పిల్లవాడు కళ్ళారా చూస్తే ఇక మరచిపోడు. కాని ఆ పాఠం కోసం ఏ చేపా ప్రాణం ఇవ్వవలసిన పని లేదు.

ఇంతకూ ఆ కుర్రవాడి చేపల సంగతి చెప్పలేదు కదూ? తోక చిరిగినదాన్ని ఆ సాయంత్రమే బుట్టలో వేరుచేశాం. నాలుగో రోజు చనిపోయింది. వాడు చాలా బాధపడ్డాడు. తొట్టె మూసేస్తానన్నాడు. రెండు నెలలు నీటి లెక్కలు రాయించాను. తర్వాత హేచరీలో పుట్టిన, బాగా చిన్నదైన చేప ఒకటి దొరికింది. వదిలిన మొదటివారం పెద్దది తరిమింది. మూడోవారంలో ఒక ఉదయం ఫోను చేసి, "మాస్టారండీ, చిన్నది వణుకుతోందండి!" అన్నాడు. ఆ గొంతులో భయం లేదు.

ఇప్పుడు రెండూ ఒకే మూల పడుకుంటున్నాయి. ఇంకా గుడ్లు పెట్టలేదు. ఎప్పుడు పెడతాయండీ అని వాడు వారం వారం అడుగుతూనే ఉన్నాడు. "వాటినే అడుగు. అడిగి, పుస్తకంలో రాసుకో" అంటున్నాను.