అరుగుమీద ముచ్చట్లు: సముద్రం ఒడ్డున చదువు

కొన్నేళ్ళ క్రిందటి మాట. అమెరికాలో చదువుతున్న మా మనుమరాలు ఫోనుచేసి, "తాతయ్యా! వచ్చే టెర్ము మా కాలేజీలో ఉండను. సముద్రతీరాలు తిరిగి చదువుకుంటాను" అంది. మావాడు మండిపడ్డాడు. "అప్పుచేసి పంపింది చదువుకోమనా, షికార్లు చేయమనా?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ వాడి పక్షమే.

ఆ చదువును 1977లో విలియమ్స్ కళాశాలవారు, కనెక్టికట్ రాష్ట్రంలోని మిస్టిక్ సీపోర్టు అనే నౌకా ప్రదర్శనశాలలో నెలకొల్పారు. 1841లో కట్టిన కొయ్య ఓడ అక్కడి రేవులో ఉంది. పిల్లలు ఆ ఊళ్ళోనే ఉండి, తామే వండుకు తిన్నారు. చరిత్ర, సాహిత్యం, చట్టం, శాస్త్రం, ఏది చదివినా సముద్రాన్ని గురించే. నడుమ తెరచాప ఓడమీద అట్లాంటిక్‌లోకీ, పిమ్మట పసిఫిక్ తీరానికీ, లూసియానాకూ వెళ్ళారు.

తాతకు కాగితం మీది ఉత్తరమే ఇష్టమని ఆ పిల్లకు తెలుసు. లూసియానానుంచి వచ్చిన ఉత్తరం మా నోళ్ళు మూయించింది. అక్కడ 1932కూ 2016కూ మధ్య సుమారు 4,800 చదరపు కిలోమీటర్ల నేల నీటిపాలయిందట! మిసిసిపీ వరదలకు అడ్డంగా గట్లు వేశారు. ఊళ్ళకు రక్ష దొరికింది గాని, వరద మోసుకొచ్చే ఒండ్రు మడభూములకు అందకుండా పోయింది. చమురుకోసం తవ్విన కాలువలగుండా ఉప్పునీరు లోపలికి చేరి గడ్డి చచ్చింది. వేళ్ళ పట్టు తప్పిన నేల కరిగిపోయింది.

ఉత్తరం చివర ఒక్క ప్రశ్న: "తాతయ్యా, మన పొడంపేట ఎలా ఉంది?"

ఋషికుల్య సముద్రంలో కలిసేచోట ఉన్న జాలరిపల్లె అది. బరంపురంనుంచి ఒక్కపూటలో వెళ్ళి రావచ్చు. ఇక్కడే పుట్టి ముసలివాణ్ణయినా నేనెన్నడూ పోలేదు. ఆ ఆదివారం తండ్రీ కొడుకులం బయలుదేరాం. కెరటాలు కోసేసిన ఇళ్ళ మొండిగోడలు కనిపించాయి. ఊరివారు వేరేచోటికి తరలిపోయారు. వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధుడు మన తెలుగులోనే, "మా ఇల్లు అదిగో" అని నీళ్ళవైపు చేయి చూపాడు. తిరుగు బస్సులో మావాడు కిక్కురుమనలేదు. ఆ రాత్రి కూతురికి తానే ఉత్తరం వ్రాశాడు.

మదరాసు చుట్టాలకూ ఇది కొత్త కాదు. మన తూర్పు తీరాన ఏడాదిలో ఎక్కువకాలం ఇసుక దక్షిణంనుంచి ఉత్తరానికి నడుస్తుంది. అక్కడ హార్బరు గోడలు లేచాక దక్షిణాన ఇసుక మేటవేసి మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం ఒడ్డు కోతపడింది. ఒకచోట మేట, మరొకచోట కోత!

యానాంలోగాని, గోపాలపురంలోగాని ఉన్న మీరు ఈ సెలవుల్లో పిల్లలను ఒడ్డుకు తీసుకువెళ్ళండి. "మీ చిన్నప్పుడు సముద్రం ఎంత దూరాన ఉండేది?" అని అక్కడి పెద్దలను అడిగించండి. వారు చెప్పింది పిల్లలచేతనే వ్రాయించి పంపితే, ఈ అరుగుమీదే అందరం చదువుకుందాం.